గింజ ఏరిన చేతికి చెక్క తిరిగి రావాలి

మా తాండాల్లో బోరు కింద టమాటా పెట్టిన వాళ్లకు ఒక అనుభవం ఉంటుంది. పొద్దున నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి వాలిపోతుంది. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ లేస్తుంది. నీళ్లు చాలలేదనుకుని మోటారు ఇంకో గంట ఆడిస్తాం. పది రోజులు గడిచేసరికి ఆకు పసుపు తిరుగుతుంది, పూత రాలుతుంది. అప్పుడు మొక్కను పీకి చూస్తే, వేర్లు మామూలు వేర్లలా ఉండవు. మా అవ్వల మెడలోని పూసల దండల్లా బుడిపెలు బుడిపెలుగా ఉంటాయి. అప్పటికి అప్పు తెచ్చిన డబ్బు మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

ఈ బుడిపెల కథ, దానికి విరుగుడుగా వాడిన వేప, కానుగ, ఆముదం చెక్కల కథ రాయాలని మేము అనుకున్నది ఒక కారణంతో. ఈ కథను చెప్పేవాళ్లు రెండు రకాలుగా చెబుతున్నారు. కొందరు, ఇదంతా మన పూర్వీకులకు ఎప్పుడో తెలుసు, కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదంటారు. ఇంకొందరు, శాస్త్రవేత్తలు కనిపెట్టి సంచిలో పోసి ఇచ్చేదాకా మనకు ఏమీ తెలియదంటారు. మా తాండాల చరిత్ర ఈ రెండింటికీ సరిపోదు.

ముందు మా సంగతి చెప్పుకుందాం. మేము సుగాలీలం. లంబాడీలని, బంజారాలని కూడా అంటారు. మేము పుట్టుకతో సేద్యగాళ్లం కాదు. మా పెద్దల బతుకు లదేణి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరూ తిరిగిన వ్యాపారం అది. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి వచ్చిన కారన్‌వాలిస్ సైన్యానికి కూడా ధాన్యం మోసింది బంజారా ఎద్దులే. మేము కొలిచే సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటైన సేవాగఢ్ గుత్తి దగ్గరే ఉంది. అదే గుత్తి మీదుగా రైలు వచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు వరకు పట్టాలు పడ్డాయి. ఎద్దు మోసే బరువు బండి మోసింది. ఆ తర్వాత ఐదేళ్లకే, 1876-78లో, దాతుకరువు వచ్చింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1882లోనే వేరే జిల్లా అయింది. సరుకు పోయి, ఎద్దులు పోయి, మా వాళ్లు గుట్టల పక్కన, ఎవరికీ పనికిరాని గులకనేలల దగ్గర తాండాలు కట్టుకుని దిగిపోయారు.

సేద్యం మేము ఇతరుల చేలల్లో కూలికి పోయి నేర్చుకున్నాం. బావుల కింద వరి మడుల్లో కానుగ రొట్ట తొక్కడం అలా నేర్చుకున్నదే. కొమ్మలు నరికి, ఆకు మడిలో పరిచి, కాళ్లతో బురదలోకి తొక్కేవాళ్లం. జిల్లేడు రొట్ట కూడా అంతే. కూరగాయల పాదుల్లో ఆముదపు చెక్క వేసేవాళ్లు. నూనె ఆడించాక మిగిలే పిప్పిని మేము చెక్క అంటాం, అంగళ్లలో పిండి అంటారు. ఎందుకు వేస్తున్నారని అడిగితే నేలకు బలమని, చెద పట్టదని చెప్పేవాళ్లు. వేర్లలో కంటికి కనపడని పురుగు ఉంటుందని మాకు నేర్పినవాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. తెలుసునని ఇప్పుడు చెప్పుకుంటే అది అబద్ధమవుతుంది. చేసిన పని మాత్రం నిజం.

ఆ కంటికి కనపడని పురుగే నులిపురుగు. 1855లో ఇంగ్లండులో బర్క్‌లీ అనే ఆయన అద్దాల ఇంట్లో పెంచిన దోసతీగ వేర్ల మీద బుడిపెలు చూసి రాశాడు. మన దక్షిణాదిలో 1901లో బార్బర్ అనే వృక్షశాస్త్రవేత్త నీలగిరి వైపు దేవాల తేయాకు తోటలో దీన్ని గుర్తించాడు. ఇవి ఒక్కటి కాదు, అనేక జాతులని తేల్చి, 1949లో చిట్‌వుడ్ వీటిని మెలాయిడోగైన్ అనే ఒక ప్రజాతి కింద పేర్చాడు.

దాని బతుకు ఇలా ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు తడిమట్టిలో ఈదుకుంటూ పోయి వేరు కొస దగ్గర లోపలికి దూరుతుంది. అక్కడే ఒకచోట కూర్చుని తన చుట్టూ ఉన్న వేరు కణాలను ఉబ్బేలా చేసి, వాటిలోంచి తింటుంది. ఆ ఉబ్బే మనకు బుడిపెగా కనిపిస్తుంది. ఆడపురుగు ఒక జిగురు సంచిలో వందల గుడ్లు పెడుతుంది. వేడినేలలో నెల తిరిగేసరికి ఒక తరం పూర్తవుతుంది. టమాటా కాపు ముగిసేలోపు మూడు నాలుగు తరాలు పుడతాయి. నీళ్లు, పోషకాలు పైకి పోయే దారి మూసుకుపోతుంది కాబట్టే ఎండ ఎక్కగానే మొక్క వాలుతుంది.

వేరుశనగ పండించే మా జిల్లాలో ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. బుడ్డల మొక్క వేర్లకూ బుడిపెలుంటాయి. అవి మంచివి, గాలిలోని నత్రజనిని నేలకు తెచ్చేవి. తేడా తెలుసుకోవడం తేలిక. మంచి బుడిపె వేరు పక్కన అతికించినట్టుంటుంది, గోరుతో గీకితే ఊడివస్తుంది, చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. నులిపురుగు బుడిపె ఊడిరాదు. అక్కడ వేరే లావెక్కి ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలియక, టమాటా వేర్ల మీద బుడిపెలు చూసి పంట బాగుంటుందని సంతోషించిన వాళ్లు మాలో ఉన్నారు.

ఇప్పుడు చెక్క సంగతి. మట్టికి చేరవలసిన చెక్క మట్టికి దూరమైన చరిత్ర ఒకటుంది. మా ఎద్దులను ఇంటికి పంపిన రైలే నూనెగింజలను ఓడరేవుకు మోసింది. 1889లో ఇంగ్లండు నుంచి వచ్చి దేశమంతా తిరిగి చూసిన జాన్ అగస్టస్ వోల్కర్ అనే వ్యవసాయ రసాయన నిపుణుడు 1893లో తన నివేదిక అచ్చువేశాడు. నూనెగింజ దేశం దాటిపోతే దానితో పాటు నేల సారం కూడా దాటిపోతుందని అందులో హెచ్చరించాడు. నూనె గాలి నుంచి, నీటి నుంచి తయారైన సరుకు. నేల నుంచి మొక్క తీసుకున్నదంతా చెక్కలోనే మిగులుతుంది. కాబట్టి నూనె అమ్ముకున్నా చెక్క ఉంటే నేల నష్టపోదు. గింజనే అమ్మేస్తే రెండూ పోతాయి. ఇప్పటికీ మా తాండాల ఆడవాళ్లు చేసేది ఇదే. జ్యేష్ఠ, ఆషాఢ మాసాల్లో వేపపండ్లు రాలుతుంటే పిల్లలతో కలిసి ఏరి, కడిగి, ఎండబెట్టి, గింజను గింజగానే అమ్మేస్తారు. ఆ గింజ పట్నం మిల్లుకు పోతుంది. కొన్నాళ్లకు అదే చెక్క అచ్చువేసిన సంచిలో మా పక్క అంగడికి వస్తుంది. ఏరినప్పుడు చేతికి వచ్చిన డబ్బు, కొనేటప్పుడు పెట్టిన డబ్బు పక్కపక్కన పెట్టి చూసుకుంటే మనసు చివుక్కుమంటుంది.

వేపలో ఏముందో వెతికినవాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెలోంచి నింబిన్ వంటి చేదు పదార్థాలను మొదట వేరుచేశాడు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చని ఆకంతా తినేసి వేపచెట్లను మాత్రం వదిలేయడం హైన్రిష్ ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూశాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, ఆయన తోటివారు వేపగింజ కషాయం చల్లిన పైరును మిడత ముట్టదని రాశారు. 1968లో బటర్‌వర్త్, మోర్గన్ అనే ఇద్దరు ఆజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. ఇవన్నీ ఆకు తినే పురుగుల గురించినవి. వేరు గురించి చూస్తే, 1966లో ఆర్.ఎస్. సింగ్, కె. సీతారామయ్య నూనెచెక్కలు కలిపిన నేలలో బెండ, టమాటా వేర్లకు బుడిపెలు తగ్గాయని ప్రకటించారు. ఆ తర్వాత మన దేశంలోనే ఎన్నో చోట్ల ఆ పరీక్ష మళ్లీ మళ్లీ జరిగింది. ఫలితం అదే దారిలో వచ్చింది.

చెక్క పనిచేసేది ఒక్క చేదు వల్లే కాదు. వేపచెక్కలోని చేదు పదార్థాలు, కానుగచెక్కలోని కరంజిన్ కొంత పని చేస్తాయి. చెక్క కుళ్లేటప్పుడు అమ్మోనియా, కొన్ని ఆమ్లాలు పుట్టి నులిపురుగు పిల్లలను దెబ్బతీస్తాయి. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచేది మూడోది. చెక్క తిని నేలలో బూజులు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిలో కొన్ని నులిపురుగు గుడ్లనే తినేస్తాయి. అంటే చెక్క వేయడం మందు వేయడం లాంటిది కాదు, నేలలో కాపలా పెట్టడం లాంటిది. కాపలా కుదురుకోవడానికి రోజులు పడుతుంది, తడి కావాలి.

ఆ ఓపిక లేని కాలంలో గుళికలు వచ్చాయి. నులిపురుగు కోసం 1950ల్లో అమెరికాలో తయారైన డీబీసీపీ అనే మందు, దాన్ని తయారుచేసే కార్మికులకు సంతానం లేకుండా చేస్తోందని 1977లో కాలిఫోర్నియాలో బయటపడింది. ఆ తర్వాత అక్కడ దాన్ని ఆపేశారు. మన చేలకు ఫోరేట్, కార్బోఫ్యురాన్ గుళికలు వచ్చాయి. ఫోరేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన వాటిలో చేర్చింది. మా తాండాల్లో ఆ గుళికలను చల్లింది ఎక్కువగా ఆడవాళ్లే. చేతికి తొడుగు లేదు. చీర కొంగులో పోసుకుని, వంగి, మొక్క మొదట్లో చిటికెడు చిటికెడు వేసుకుంటూ పోయేవాళ్లు. సాయంత్రానికి తల తిరిగిందని, వాంతి అయిందని చెబితే ఎండదెబ్బ అన్నారు. మేమూ ఎండదెబ్బే అనుకున్నాం. ఫోరేట్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఆ కొంగుల లెక్క మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మా నేల కరువు నేల. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. తడి కావాలనే నులిపురుగు ఇక్కడ ఇంత ఎలా పెరిగింది? జవాబు మేము తెచ్చుకున్న నీళ్లలోనే ఉంది. వానమీద ఆధారపడి వేరుశనగ వేసినన్నాళ్లు, ఏడాదిలో ఏడెనిమిది నెలలు నేల ఎండి ఉండేది. ఆ ఎండే పురుగును అదుపులో పెట్టింది. బోర్లు వచ్చాయి. 2003 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సబ్సిడీ మీద డ్రిప్పు వచ్చింది. ఉన్న కొద్ది నీటితో టమాటా, మిరప, వంగ, బెండ ఏడాది పొడవునా వేయగలిగాం. డ్రిప్పు వద్దని మేము అనడం లేదు. అది లేకపోతే మాలో చాలామంది ఈపాటికి బెంగళూరులో ఇటుకలు మోస్తుండేవాళ్లు. కానీ ఎర్రని ఇసుకనేల, మొక్క మొదట్లో ఎప్పుడూ ఆరని తడి, టమాటా తీసి మళ్లీ టమాటా, ఈ మూడూ కలిస్తే నులిపురుగుకు అంతకంటే మంచి ఇల్లు ఉండదు. పైగా నారు కొని తెస్తున్నాం. నారు వేర్లలో బుడిపె ఉంటే పురుగును మన చేతులతో మనమే తెచ్చి నాటినట్టు.

చెక్క మళ్లీ చేలకు తిరిగి రావడంలో గిరిజనుల పాత్ర ఉంది. ఆ మాట తక్కువగా వినిపిస్తుంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గిరిజనులు ఎక్కువగా ఉన్న ఊరు. పత్తి మీద మందులు చల్లి అప్పులపాలైన ఆ ఊరు వేపగింజ కషాయం వంటి వాటికి మళ్లి, 2003లో తమది పురుగుమందులు వాడని ఊరని ప్రకటించుకుంది. గింజ ఏరి, పొడికొట్టే పని కూలి మహిళలకు కొత్త రాబడి అయింది. మరుసటి ఏడాది నుంచే ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం ఊరూరికీ పోయింది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం దాని కొనసాగింపే. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడలో గోండు మహిళలు కానుగ చెట్లు పెంచి, నూనె యంత్రాన్ని తామే నడిపారు. కానుగ నూనె వాడకం వల్ల తగ్గే 147 టన్నుల కర్బన వాయువుకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. డాలర్ల మాట అలా ఉంచి, మాకు ముఖ్యమైంది ఇంకొకటి. యంత్రం వాళ్ల ఊళ్లో ఉంది కాబట్టి చెక్క వాళ్ల ఊళ్లోనే మిగిలింది.

వేప ఎవరిదన్న తగాదా లోకమంతా తెలుసు. వేపనూనె బూజుతెగుళ్లను ఆపుతుందన్నదాని మీద ఒక అమెరికన్ కంపెనీకి, అక్కడి వ్యవసాయ శాఖకు కలిపి యూరప్ పేటెంట్ కార్యాలయం 1994లో హక్కు ఇచ్చింది. వందన శివ, మరికొందరు పోరాడితే 2000లో దాన్ని రద్దుచేశారు. 2005 మార్చి 8న అప్పీలు కూడా కొట్టేశారు. వేప భారతదేశానిదని అందరూ సంతోషించారు. మేమూ సంతోషించాం. కానీ దేశానిదైన వేప గింజ ఏరినవాళ్లది అవుతుందా? 2015లో దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత పెట్టాలన్నారు. గింజకు గిరాకీ వచ్చింది. అదే సమయంలో మేము ఏరే చెట్లు ఎవరివన్న మాట ముందుకొచ్చింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అడవిలోని చిన్న ఫలసాయం మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది. మా వేపలు, కానుగలు అడవిలో లేవు. రోడ్డు పక్కన, చెరువుకట్ట మీద, గట్ల మీద, పోరంబోకులో ఉన్నాయి. అనంతపురం షెడ్యూల్డ్ ప్రాంతమూ కాదు. పంచాయతీ చెట్ల ఫలసాయం వేలం వేస్తే పాడుకునే స్తోమత మా ఆడవాళ్లకు ఉండదు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేవి ఆ చెట్లే.

గొప్పలు చెప్పి ముగిస్తే ఈ వ్యాసం వల్ల మేలు ఉండదు. కాబట్టి చెక్క ఏం చేయలేదో కూడా రాస్తున్నాం. తొలకరి వాన పడ్డ సాయంత్రం మట్టిలోంచి గోధుమరంగు పెంకుపురుగులు లేచి చెట్ల మీద వాలుతాయి. వాటి పిల్లలే వేరుశనగ వేర్లు కొరికే తెల్లని వేరుపురుగులు. ఆ తల్లిపురుగులు ఇష్టంగా తినే చెట్లలో వేప ఒకటి! మిడత ముట్టని ఆకును ఇవి రాత్రంతా తింటాయి. కాబట్టి వేప అన్నిటినీ చంపుతుందని నమ్మి కూర్చోకూడదు. ఆ రాత్రి ఊరంతా దీపాలు పట్టుకుని చెట్లు దులిపి, రాలిన పురుగులను ఏరి చంపడమే దానికి మందు. అది ఒక ఇంటితో అయ్యే పని కాదు, ఊరంతా కలవాలి.

బంతి విషయమూ అంతే. బంతి వేర్లలో నులిపురుగును చంపే పదార్థం ఉందని 1958లో హాలండ్ శాస్త్రవేత్తలు తేల్చారు. కానీ చేను చుట్టూ ఒక సాలు బంతి పెడితే కాయతొలుచు పురుగుకు ఎరగా ఉంటుందేమో గానీ మధ్యలో ఉన్న టమాటా వేర్లను కాపాడదు. బంతి వేరు ఉన్నచోటే బంతి పని. టమాటాకు ముందు రెండు మూడు నెలలు ఆ మడి మొత్తం బంతి వేస్తే ఫలితం ఉంటుంది, పండక్కి పూలూ అమ్ముకోవచ్చు.

చెక్కను ఎకరాకు 100 నుంచి 200 కిలోల వరకు వేయమంటారు. నాటడానికి రెండు వారాల ముందే మాగిన పశువుల ఎరువుతో కలిపి, డ్రిప్పు పైపు వచ్చే సాలులో వేసి, తడిపెట్టి కుళ్లనివ్వాలి. పొడినేలలో వేస్తే అలాగే పడి ఉంటుంది. పచ్చిగా ఎక్కువ వేసి వెంటనే నాటితే నారు మాడుతుంది. బుడిపెలు నిండాక వేస్తే ఆ పంటకు అక్కరకు రాదు. నారుమడి నుంచే మొదలుపెట్టాలి. తీసేసిన పంట వేర్లను చేనులో దున్నకుండా ఏరి కాల్చాలి. వేసవిలో ఒకసారి లోతుగా దున్ని ఎండకు వదలాలి. ఆముదపు చెక్క వాడితే పశువులకు, కుక్కలకు దూరంగా పెట్టాలి, తింటే చస్తాయి.

ఇక లెక్క చెప్పుకుందాం. ఎదిగిన వేపచెట్టు ఏడాదికి 30 నుంచి 50 కిలోల పండ్లు ఇస్తుంది. 50 కిలోల పండ్లకు 30 కిలోల గింజ, ఆ గింజ ఆడిస్తే సుమారు 6 కిలోల నూనె, 24 కిలోల చెక్క. ఎకరాకు 150 కిలోల చెక్క కావాలంటే ఆరేడు మంచి చెట్లు చాలు. మా కరువు నేలలో పది పన్నెండు అనుకుందాం. ప్రతి తాండా చుట్టూ అంతకంటే ఎక్కువే ఉన్నాయి. గింజలో అయిదింట నాలుగు వంతులు చెక్కే. మేము ఇన్నాళ్లు అయిదు వంతులూ అమ్ముకుని, అందులో నాలుగు వంతులు తిరిగి కొనుక్కుంటున్నాం.

అందుకే మేము అడిగేది చిన్నది. నాలుగైదు తాండాలకు కలిపి ఒక నూనె యంత్రం, అది మహిళా సంఘం చేతిలో ఉండాలి. పోరంబోకు వేప, కానుగల ఫలసాయాన్ని వేలం వేయకుండా ఏరేవాళ్ల సంఘానికే ఇవ్వాలి. నూనె పట్నానికి పోనివ్వండి, దాని ధర మాకు రానివ్వండి. చెక్క మాత్రం తాండా దాటకూడదు.

మా పెద్దలు ఇతరుల సరుకు మోసి బతికారు. ఉప్పు మోశారు, ఉప్పు వాళ్లది కాదు. ధాన్యం మోశారు, ధాన్యం వాళ్లది కాదు. ఇప్పుడు మా ఆడవాళ్లు వేపగింజ మూట నెత్తిన పెట్టుకుని అంగడికి నడుస్తున్నారు. ఈసారి ఆషాఢంలో ఆ మూట ఒక్కటైనా తాండాలోనే దిగాలని మా కోరిక.